పెన్న ఒడ్డున నొక ద్వీపము

అంటార్కిటికాకు ఇవతల, దక్షిణసముద్రమున నున్న మక్వారీ ద్వీపమును 1810లో సీలు వేటగాండ్రు కనుగొనిరి. చర్మములకై వారు చేసిన సంహారమునకు పదియేండ్లలోనే అచ్చటి బొచ్చుసీళ్లు అంతరించెను. పిదప ఓడలపై వచ్చిన పిల్లులును, తిండికై వదలిన కుందేళ్లును ప్రబలగా, నేలమీదనే గూడుపెట్టు అచ్చటి చిలుకయు ఆ శతాబ్ది ముగియక మునుపే రూపుమాసెను. సముద్రము మొగమెరుగని మా అనంతపురపు పీఠభూమికి దీనితో నేమి చుట్టరికమని పాఠకులు అడుగవచ్చును. ద్వీపమునకు చుట్టును నీరే యుండవలెనను నియమము లేదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేలపై, రాతితిప్పల నడుమ, ముళ్లపొదల తునక యొకటి మిగిలియున్నచో అదియును ద్వీపమే.

అట్టి ద్వీపవాసియే కలివికోడి. రొమ్మున రెండు పట్టెలతో, పొడవాటి కాళ్లతో, పగలెల్ల పొదలమాటున నణగియుండి, చీకటిపడినపిమ్మట బయలువెడలి, ఎగురుటకంటె పరుగిడుటయే మేలని తలచు పక్షి యిది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ సేకరించిన దీనిని 1848లో బ్లైత్ శాస్త్రలోకమునకు ఎరుకపరచెను. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురము చేరువ దీనిని చూచినట్లు వ్రాసిపెట్టెను. ఆపై ఎనుబదియారేండ్లు ఎవ్వరికిని జాడ దొరకలేదు. అంతరించినదనియే పండితులు నిశ్చయించిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్, కడప జిల్లా రెడ్డిపల్లె చెంత, స్థానికుల తోడ్పాటుతో దీనిని మరల కనుగొనెను. నెల్లూరు, కడప, అనంతపురము: మూడును పెన్న తడుపు సీమలే యగుట గమనింపదగినది.

ఈ పక్షికి కారడవి పనికిరాదు, బట్టబయలును పనికిరాదు. పలుచని పొదల చిట్టడవి కావలెను. వంటచెరకునకై పొదలు నరికినను, దున్ని నిమ్మతోటలు వేసినను దానికి నిలువనీడ లేదు. రెవిన్యూ దస్తరములలో ఈ నేలకు "బంజరు" అని పేరు. ఆ ఒక్క మాట, నా యెరుకలో, మక్వారీ పిల్లులకంటె ఎక్కువ చేటు చేసినది. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము పక్షి ఆవాసమును తాకగా దాని దారిని మార్పవలసివచ్చెను. నీటికై కండ్లు కాయలు కాచిన సీమవాడనగు నాకు కాలువను నిందించుటకు నోరాడదు. దారి మార్చుట తగినపనియే యని మాత్రము చెప్పగలను.

1900 తర్వాత ఈ పక్షి ఎటు పోయెనో తెలియని రోజులలో, 1917లో, మన పొరుగుననున్న కోలారు బంగారుగనుల ప్రాంతమున ఒక గ్రుడ్డు దొరకి, ఎర్నెస్ట్ గిబ్సన్ అను నతని సేకరణలో చేరెను. అది ఇతర గ్రుడ్ల నడుమ మరుగుపడి, దాదాపు నూరేండ్లకు, స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియమున గుర్తింపబడెను. కలివికోడిదని తేలిన గ్రుడ్డు లోకమున అదియొక్కటియే.