కోల్‌కతా నర్సులు ఎందుకు వెళ్లిపోయారు? మహమ్మారి కాలపు ‘బర్నౌట్’

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరగా, డైమండ్ హార్బర్ రోడ్డును ఆనుకుని ఉన్న పేట ఏక్‌బాల్‌పూర్. 1969 నాటి కలకత్తా మెడికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఆర్‌ఐ) ఉన్నది ఈ ప్రాంతంలోనే. పక్కనే ఉన్న అలీపూర్‌ను కూడా కలుపుకుంటే, నగరంలో ప్రైవేటు వైద్యం బాగా స్థిరపడిన చోట్లలో ఇదొకటి. కోల్‌కతా ప్రైవేటు ఆస్పత్రుల వార్డుల్లో పనిచేసే నర్సుల్లో చాలామంది మణిపూర్, త్రిపుర, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారు. హాస్టళ్లలోనో, అద్దె గదుల్లోనో ఉంటూ ఇళ్లకు డబ్బు పంపే యువతులే ఎక్కువ.

2020 మే నెల మధ్యలో వీరిలో మూడు వందల మందికి పైగా ఉద్యోగాలు వదిలి తట్టాబుట్టా సర్దుకున్నారు. ఒక్క మణిపూర్‌కే 185 మంది వెళ్లిపోయారని తూర్పు భారత ఆస్పత్రుల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి లేఖ రాసింది. తాము ఎవరినీ వెనక్కి పిలవలేదని మణిపూర్ ముఖ్యమంత్రి ఎన్. బీరేన్ సింగ్ ప్రకటించారు. స్థానిక యువతకు వారం రోజుల శిక్షణ ఇచ్చి చిన్న పనులకు వాడుకోవచ్చని పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ సూచించారు. సెలైన్ పెట్టడం నేర్పవచ్చు. కానీ జీఎన్ఎం కోర్సుకు మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్‌కు నాలుగేళ్లు పట్టేది అందుకోసం మాత్రమే కాదు.

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. మే 12న ఫ్లారెన్స్ నైటింగేల్ ద్విశత జయంతి జరిగింది. ఆ తర్వాత వారం తిరగకముందే కోల్‌కతా వార్డులు ఖాళీ అయ్యాయి.

ఈ వలసను చాలామంది భయంగా చూశారు. ‘బర్నౌట్’ అన్న మాట దీనికి ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ఈ మాటను వృత్తి సేవల సందర్భంలో వాడారు. క్రిస్టీనా మస్లాక్ దానికి మూడు లక్షణాలు చెప్పారు. మొదటిది మానసికంగా పూర్తిగా హరించుకుపోవడం. రెండోది రోగిని మనిషిగా కాక పడక నంబరుగా చూసే స్థితికి చేరడం. చేస్తున్న పనికి ఫలితం లేదనిపించడం మూడోది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యాధిగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా వర్గీకరించింది. ఈ తేడా చిన్నది కాదు. వ్యాధి అంటే మందు మనిషికి ఇవ్వాలి, పని పరిస్థితి అంటే యాజమాన్యం లెక్క చెప్పాలి.

మస్లాక్, మైకేల్ లైటర్ తర్వాత చేసిన పనిలో భారం ఒక్కటే కారణం కాదని తేల్చారు. తన పనిపై అదుపు, తగిన ప్రతిఫలం, తోటివారి అండ, న్యాయం, విలువలు కూడా లెక్కలోకి వస్తాయి. కోల్‌కతా విడిచిన నర్సులు చెప్పుకున్న కారణాలు దాదాపు ఇవే. రక్షణ దుస్తులు చాలలేదు. ఆస్పత్రి నుంచి గదికి వస్తే ఇరుగుపొరుగు వెలివేతగా చూశారు. ఈశాన్య రాష్ట్రాల ముఖాలను చూసి ‘కరోనా’ అని పిలిచారు. గంటల తరబడి పీపీఈ కిట్‌లో నీళ్లు తాగకుండా, మరుగుదొడ్డికి వెళ్లకుండా పనిచేసినవారికి బయట ఎదురైన ఆదరణ ఇది. ఊళ్లో అమ్మానాన్నలు ఫోనులో ‘వచ్చేయ్’ అంటుంటే అక్కడే ఉండమని చెప్పడానికి ఆస్పత్రి దగ్గర బలమైన కారణం ఉండాలి.

అంతకు ముందూ నర్సు నిశ్చింతగా ఏమీ లేదు. 2017 ఫిబ్రవరిలో ఒక బాలిక మరణం తర్వాత గుంపు సీఎంఆర్‌ఐపై దాడిచేసింది. అదే ఏడాది రాష్ట్రం కొత్త క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెచ్చింది. బిల్లు వేసేది నర్సు కాకపోయినా, కోపం వచ్చిన బంధువులకు ముందుగా కనిపించేది ఆమే. వైద్య సిబ్బందిపై తీవ్ర దాడులకు ఏడేళ్ల వరకు శిక్ష వేసే కేంద్ర ఆర్డినెన్స్ 2020 ఏప్రిల్‌లోగాని రాలేదు.

తెలుగు నేలపైనా ఇదే కథ వేరే రూపంలో నడిచింది. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు 2020 జులైలో విధులు బహిష్కరించాక, వారి జీతం రూ.17,500 నుంచి రూ.25,000కు పెరిగింది. ఏడాది తిరిగేసరికి, కొవిడ్ కోసం తాత్కాలికంగా తీసుకున్న వెయ్యి మందికి పైగా నర్సులను తెలంగాణ ప్రభుత్వం ఇంటికి పంపింది.

ప్రైవేటు నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన వేతనం, 50 పడకల లోపు వాటిలో కనీసం రూ.20,000 ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు బాధ్యత మాత్రం రాష్ట్రాలకు వదిలేశారు.