ఇమ్రె నాజ్: ఆలస్యంగా జనం వైపు నడిచిన ప్రధాని

1956 అక్టోబర్ 23 సాయంత్రం. బుడాపెస్ట్ పార్లమెంట్ ముందు చేరిన జనం ఒకే పేరు పట్టుకుని పిలుస్తున్నారు. చివరికి ఆ అరవయ్యేళ్ళ పెద్దాయన బయటికొచ్చి "కామ్రేడ్స్" అని మొదలుపెట్టాడు. "మేం కామ్రేడ్స్ కాం" అని కిందనుంచి కేకలు. ఇమ్రె నాజ్ కథంతా ఆ కాస్త దూరంలోనే ఉందనిపిస్తుంది నాకు.

ఆయన పుట్టు తిరుగుబాటుదారు కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్లకి ఖైదీగా చిక్కి, అక్కడే కమ్యూనిస్టయ్యాడు. 1930 నుంచి 1944 దాకా మాస్కోలో బతికాడు. ఆ రోజుల్లో సోవియట్ రహస్య పోలీసులకి సమాచారం ఇచ్చేవాడని తర్వాత బయటపడిన కాగితాలు చెప్తున్నాయి. ఈ మరకని దాచి ఆయన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు.

1945లో వ్యవసాయ మంత్రిగా భూములు పంచాడు. స్టాలిన్ పోయాక, 1953లో, మాస్కోనే ఆయన్ని ప్రధానిని చేసింది. నిర్బంధ శిబిరాలు మూయించాడు, బలవంతపు సమష్టి వ్యవసాయాన్ని సడలించాడు. రెండేళ్ళకే పదవి ఊడింది, పార్టీ కూడా గెంటేసింది.

1956లో మళ్ళీ ప్రధాని అయ్యాక కూడా మొదట తటపటాయించాడు. మార్షల్ లా ఆయన ప్రభుత్వం పేరు మీదే వచ్చింది. కానీ వీధుల్లో ఉన్నది విద్యార్థులూ కార్మికులూ. అక్టోబర్ 28న అది ప్రతీఘాత విప్లవం కాదని ఒప్పుకున్నాడు. 30న ఏకపార్టీ పాలనకి స్వస్తి చెప్పాడు. నవంబర్ 1న వార్సా ఒప్పందం నుంచి తప్పుకుంటున్నామని, హంగరీ తటస్థ దేశమని ప్రకటించాడు. 4వ తేదీ తెల్లవారుజామున సోవియట్ ట్యాంకులు విరుచుకుపడ్డాయి.

యుగోస్లావ్ రాయబార కార్యాలయంలో తలదాచుకున్నాడు. కొత్త పాలకుడు యానోష్ కాదార్ రాతపూర్వకంగా హామీ ఇస్తే నవంబర్ 22న బయటికొచ్చాడు. ఎక్కిన బస్సునే సోవియట్ వాళ్ళు పట్టుకుపోయారు. రాజీనామా చేసి తప్పు ఒప్పుకోమని ఒత్తిళ్ళొచ్చాయి. జీవితమంతా పార్టీ మాట విన్న మనిషి, ఈ ఒక్కసారి వినలేదు. రహస్య విచారణ తర్వాత క్షమాభిక్ష కూడా అడగలేదు. 1958 జూన్ 16న ఉరి తీశారు.

సరిగ్గా 31 ఏళ్ళకి, 1989 జూన్ 16న, హీరోస్ స్క్వేర్‌లో లక్షలమంది ముందు ఆరు శవపేటికలు పెట్టారు. ఆరోది ఖాళీది, పేరు తెలియని తిరుగుబాటుదారుల కోసం. ఆ జూలై 6న సుప్రీంకోర్టు నాజ్ నిర్దోషి అని తేల్చిన రోజే కాదార్ చనిపోయాడు.

కథ అక్కడా ఆగలేదు. పార్లమెంట్ దగ్గర చిన్న వంతెన మీద నిలబడి అటే చూస్తుండే ఆయన విగ్రహాన్ని 2018 డిసెంబర్‌లో అక్కణ్ణించి తీసేసి వేరేచోట పెట్టారు. కమ్యూనిస్టులకి ద్రోహి, జాతీయవాదులకి కమ్యూనిస్టు. ఏ పక్షానికీ పూర్తిగా అచ్చిరాని మనిషి. కానీ మొదటినుంచీ నిష్కళంకంగా ఉన్నవాళ్ళ కథలకన్నా, ప్రాణం పణంగా పెట్టాల్సి వచ్చినప్పుడు మారినవాళ్ళ కథలే మనలాంటి మామూలు మనుషులకి ఎక్కువ పనికొస్తాయి.