నిర్ణయ పదజాలము – నిర్ణయాధికారము: కరీంనగర్, ఆదిలాబాదుల అనుభవం

భాషను గురించి చర్చించేటప్పుడు మనం సాధారణంగా కవిత్వాన్ని గురించో, పాఠ్యపుస్తకాలను గురించో మాట్లాడుతాము. కచేరీ భాషను, దరఖాస్తుల భాషను సాహిత్య చర్చలోకి రానివ్వము. కాని సామాన్య ప్రజల బ్రతుకులను మలుపు తిప్పిన మాటలు కావ్యాలలో కంటే కచేరీ కాగితాలలోనే ఎక్కువగా ఉన్నవి. ఒక సమాజంలో నిర్ణయాన్ని తెలిపే మాటలు ఎక్కడినుండి వచ్చినవో, ఎవరి నోట పలికినవో పరిశీలిస్తే, నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో ఉండినదో బోధపడుతుందని నా అభిప్రాయం. ఉత్తర తెలంగాణా జిల్లాల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

ముందుగా మాటల పుట్టుకను చూద్దాం. ఆంగ్లంలో 'డిసైడ్' అనే క్రియకు మూలమైన లాటిన్ మాటకు కోసివేయడం అని అర్థం. మన పల్లెల్లో నేటికీ వినిపించే 'ఫైసలా'కు మూలమైన అరబ్బీ ధాతువుకు వేరుచేయడం అని అర్థం. తెలుగు రైతు "తగవు తెగింది" అంటాడు, "తెగని పంచాయితీ" అంటాడు. మూడు జాతులవారూ నిర్ణయాన్ని ఒక కోతగానే భావించారన్నమాట. కాబట్టి భావంలో తేడా లేదు. కత్తి ఎవరి చేతిలో ఉన్నదనే దానిలోనే తేడా ఉన్నది.

నిజాం రాజ్యంలో 1880ల దశకంలో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. కరీంనగర్ రైతుకు కచేరీలో వినిపించిన మాటలన్నీ ఆ రెండు భాషల ద్వారా వచ్చినవే. వాటిని రెండు వర్గాలుగా విడదీయవచ్చు. హుకుం, ఫర్మానా, మంజూరు, జారీ, రద్దు – ఇవి పైనుండి క్రిందికి వచ్చే మాటలు. అర్జీ, దరఖాస్తు – ఇవి క్రిందినుండి పైకి పోయే మాటలు. సమానుల మధ్య అడ్డంగా నడిచే మాట ఒకటి ఉండేది: రాజీ. మూలంలో దానికి ఇష్టపడడం, సమ్మతించడం అని అర్థం. తెలుగులో అది సర్దుకొనిపోవడంగా మారింది. 'రాజీనామా' అయితే సమ్మతిపత్రం అనే అర్థం పోయి, పదవిని వదులుకొనే కాగితం అయింది. సమ్మతిని తెలిపే మాట వదులుకోవడాన్ని తెలిపే మాటగా మారడంలో ఆ కాలపు సామాజిక సంబంధాల ముద్ర ఉన్నదని నేను అనుకుంటాను.

అలాగని పాపమంతా పరభాషపై నెట్టడం అశాస్త్రీయం. దొర గడీ ముందు జరిగే పంచాయితీ అచ్చ తెలుగులోనే నడిచేది. తీర్పు, తప్పు, దండుగ అన్నీ మనకు తెలిసిన మాటలే. కూలివానికి ఆ భాష అర్థమయ్యేది, న్యాయం మాత్రం అందేది కాదు. భాష తనది కావడం అవసరమే గాని, అదొక్కటే చాలదని దీనివల్ల తెలుస్తున్నది.

1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేయగా, దాని ఫలితంగా ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1929లో వచ్చిన గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. ఈ నిర్బంధంలోనే ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదలై, 1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగవసారి సమావేశమైంది. ఈ సభలు మన పదజాలానికి చేసిన మేలు 'తీర్మానం' అనే మాటకు రాజకీయమైన బలం ఇవ్వడం. తీర్మానం ఒక్కడి నోటినుండి వెలువడేది కాదు. ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, సభ చర్చించి ఆమోదించాలి. ఆంగ్ల సభా మర్యాదలోని 'రిజల్యూషన్' ఇది. నిరంకుశత్వం కింద నలిగిన ప్రజలకు ఆంగ్లేయుల మాట తెలుగు రూపంలో ఆయుధమైంది. పదం పుట్టిన చోటుకంటే అది చేసే పని ముఖ్యమనడానికి ఇంతకంటే సాక్ష్యం వేరే అక్కరలేదు.

ఆదిలాబాదు గోండులకు ఉర్దూ గాని తెలుగు గాని సొంతభాషలు కావు. వారి గూడెంలో 'పట్ల' అనే పెద్ద, పంచ్ అనే కులసభ తమ భాషలో తగవులు తెంపుకొనేవారు. అడవికి హద్దులు గీసే నిర్ణయం మాత్రం వారికి రాని భాషలో, వారు లేని చోట జరిగింది. అర్జీ పెట్టడమనే దారి మూసుకొనిపోయిన పిమ్మటనే కొమరం భీము జోడేఘాట్‌లో నిలబడి, 1940లో ప్రాణం ఇచ్చాడు. తరువాత ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండీ భాషలో బోధన మొదలైంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గోడు వినే దర్బారు 1940లలోనే ఆరంభమైంది. మేలు జరిగిన మాట నిజం. అయితే 'దర్బారు' అనే పేరే చెపుతున్నది, వినడం జరిగింది గాని నిర్ణయించే అధికారం చేతులు మారలేదు.

1948 తరువాత కచేరీలో ఉర్దూ స్థానంలో ఆంగ్లం కూర్చున్నది. శాంక్షన్, ఆర్డర్, పెండింగ్, ప్రొసీడింగ్స్ పల్లెకు వచ్చినవి. వీటితోపాటు ఒక వాక్యరచన కూడా వచ్చింది. "ఇందుమూలముగా నిర్ణయించడమైనది" – ఈ వాక్యంలో కర్త లేడు. హుకుం అంటే ఫలానా వాని హుకుం అని రైతుకు తెలిసేది. నిర్ణయించడమైనది అంటే ఎవరిని నిలదీయాలి? 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చినా, చాలా జీవోలలో ఆంగ్లవాక్యానికి తెలుగు లిపి తొడిగినట్లే ఉన్నది.

1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగినప్పుడు, రైతుకూలీలు దొర పంచాయితీని కాదని తమ తగవులను తమ సంఘంలో తామే తేల్చుకోసాగారు. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు మొదట ఇచ్చిన అనుమతి రద్దయింది. కబురు అందని గోండులు సంతకు, సభకు నడిచివచ్చారు. కాల్పులు జరిగినవి. 13 మంది మరణించారని ప్రభుత్వం చెప్పింది, పౌరహక్కుల సంఘాలవారు అంతకు ఎన్నో రెట్లన్నారు. గస్తీ 53 నాటి అనుమతికీ ఈ అనుమతికీ మధ్య యాభై ఏండ్లు గడిచినవి, ఒక రాజరికం కూలింది. మాట అలాగే మిగిలింది.

నేటి చట్టాలలో రెండు ఆంగ్లపదాల మధ్య తేడా జీవన్మరణ సమస్య అయింది. 'కన్సల్ట్' అంటే సంప్రదించడం, 'కన్సెంట్' అంటే సమ్మతి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయితీని గాని సంప్రదించాలని మాత్రమే అన్నది. సంప్రదించినవాడు విని కూడా తోచినట్లు చేయవచ్చును. 2006 అటవీ హక్కుల చట్టం వన్యప్రాణుల కోసం ఊరిని తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి వ్రాతపూర్వకంగా ఉండాలన్నది. 2013 భూసేకరణ చట్టం కూడా షెడ్యూల్డు ప్రాంతాలలో ముందస్తు సమ్మతినే కోరింది. పదిహేడేండ్లలో ఒక పదం మరొక పదంగా మారడానికి వెనుక ఎన్నో ఉద్యమాలున్నవి. 2025 మే నెలలో ఆసిఫాబాదు అడవులను పులుల రాకపోకల కోసం సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. ఆదివాసులు ప్రతిఘటించగా జూలైలో దానిని 'అబేయన్స్'లో ఉంచారు. అంటే నిలిపివేశారు. రద్దు వేరు, నిలుపుదల వేరు. నిలిపిన దానిని తిరిగి కదపవచ్చును. ఈ తేడా తెలియని ఊరు సంబరం చేసుకొని నిద్రపోతుంది.

2022–23నుండి తెలంగాణా ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం వచ్చింది. ఆంగ్లపాఠంలో మనం పిల్లలకు నేర్పే నిర్ణయ పదజాలం ఎలాంటిది? ఛాయిస్, ఆప్షన్, ప్రిఫర్ – ఏ చదువు చదవాలి, ఏ వస్తువు కొనాలి అని ఒంటరి మనిషి తనలో తాను అనుకొనే మాటలు. కోరం, రిజల్యూషన్, అబ్జెక్షన్, అప్పీల్, కన్సెంట్ – పదిమంది కూడి తేల్చుకొనే మాటలు ఆ పాఠంలో అరుదు. ఆంగ్లాన్ని బహిష్కరించమనేవారితో నేను ఏకీభవించను. తరతరాలుగా చదువుకు దూరమైన బిడ్డలు ఆ తలుపు తెరవాలని కోరడం న్యాయమే. అయితే తలుపు తెరుచుకొన్న తరువాత లోపల ఏ గది చూపిస్తున్నామన్నదే ప్రశ్న.

ఉపాధ్యాయ మిత్రులు తమ ఊరి గ్రామసభ తీర్మానాల పుస్తకాన్ని ఒక్కసారి తరగతి గదిలోకి తీసుకొనిపోవాలి. అందులోని ప్రతి వాక్యానికీ కర్త ఎవరని విద్యార్థులను అడగాలి. సంప్రదించారా, సమ్మతించారా అని అడగాలి. గోండీ, తెలుగు, ఉర్దూ, ఆంగ్లం – ఏ భాషలోనైనా ఈ ప్రశ్న వేయడం నేర్చిన విద్యార్థి, రేపు తన ఊరి తరఫున సంతకం పెట్టేముందు కాగితాన్ని చదువుతాడు.