ఎర్రగుడి బండలపై ప్రజాసుఖం

ప్రజల సుఖమే పాలన లక్ష్యమన్న ఆలోచన దేశ ప్రగతిని సంతోషంతో కొలవాలన్న 1970ల భూటాన్‌తో మొదలు కాలేదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే అశోకుడు దాన్ని నేటి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై చెక్కించాడు. మనుషులకూ పశువులకూ వైద్యం, మందుమొక్కలు, దారుల వెంట బావులు, చెట్లు ఏర్పాటు చేశానని రాయించాడు. ప్రజల సంగతులు ఏ వేళనైనా తనకు నివేదించాలని ఆదేశించాడు. సుఖాన్ని ఉపదేశంగా వదిలేయక, చేయాల్సిన పనులుగా విడదీశాడు. ఆ శాసనాల విలువ అక్కడే ఉంది.

కళింగ యుద్ధంలో లక్షమందిని బలిగొన్న రాజు మాటను నమ్మడమెలా అని అడగవచ్చు. ఆ లెక్క చెప్పిందీ ఆయన శాసనమే. అయినా ఆక్షేపణలో బలముంది: పశ్చాత్తాపం ప్రకటించిన ఆ శాసనమే అడవి జాతులను హెచ్చరించింది. ఎవరికేది సుఖమో పాలకుడొక్కడే తేల్చే చోట, సుఖం మాట పక్కనే బెదిరింపు నిలిచే ఈ ప్రమాదం తప్పదు. అంతమాత్రాన లక్ష్యాన్ని వదులుకోనక్కర్లేదు. నిలదీసే హక్కును దానికి జోడించాలి. బావి తవ్వించానన్న పాలకుణ్ణి నీళ్లేవని అడగగలిగినప్పుడే ప్రజాసుఖం విధానమవుతుంది.