లూకా మోడ్రిచ్: మైదానం నడిమధ్య ఇరవై రెండేళ్లు

రియల్ మాడ్రిడ్ తరఫున లూకా మోడ్రిచ్ 597 మ్యాచ్‌లు ఆడి 43 గోల్స్ కొట్టాడు. సుమారు పద్నాలుగు మ్యాచ్‌లకు ఒకటి. ఫార్వర్డ్ ఎవరైనా ఇలాంటి లెక్క చూపిస్తే రెండో ఏడాదికే ఇంటికి పంపేస్తారు. మోడ్రిచ్ పదమూడేళ్లు ఆడి 28 ట్రోఫీలు అందుకున్నాడు. శతాబ్దం దాటిన ఆ క్లబ్బు చరిత్రలో అన్ని ట్రోఫీలు గెలిచిన ఆటగాడు మరొకడు లేడు. మిడ్‌ఫీల్డర్ పని గోల్స్ పట్టికలో కనపడదు. వెనక డిఫెండర్ల దగ్గర బంతి అందుకుని, మీదికొచ్చే ప్రత్యర్థిని తప్పించి, ముందున్నవాళ్లకు సరైన క్షణంలో చేర్చడం, ఆట ఎప్పుడు నెమ్మదించాలో ఎప్పుడు ఉరకాలో తేల్చడం అతని పని. కొలవడానికి వీల్లేని ఈ పనిలో దిట్ట కాబట్టే కాబోలు, మోడ్రిచ్‌ని అంచనా వేయబోయినవాళ్లు చాలాసార్లు పొరబడ్డారు.

అతను 1985 సెప్టెంబరు 9న, అప్పటి యుగొస్లావియాలోని, ఇప్పటి క్రొయేషియాలోని జాదర్ పట్టణంలో పుట్టాడు. ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని ఊరది. అక్కడికి దగ్గర్లో, వెలెబిత్ కొండల పాదాల దగ్గర ఉన్న మోడ్రిచీ అనే చిన్న పల్లె వాళ్ల సొంతూరు. అమ్మానాన్నలు దుస్తుల కర్మాగారంలో పనికి వెళితే పిల్లవాడు ఎక్కువగా తాత దగ్గరే పెరిగాడు. తాత పేరే మనవడికి పెట్టారు. 1990 ప్రాంతంలో ఆ కొండల్లో తీసిన ఒక డాక్యుమెంటరీలో, చేత్తో కర్ర పట్టుకుని మేకల మందను తోలుకెళ్తున్న ఐదేళ్ల లూకా కనిపిస్తాడు.

మరుసటి ఏడాది క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. 1991 డిసెంబరులో సెర్బు తిరుగుబాటు దళాలు తాతను కాల్చి చంపాయి. ఇల్లు తగలబెట్టేశారు. ప్రాణాలు దక్కించుకున్న కుటుంబం జాదర్ చేరి, శరణార్థులకు ఆశ్రయమిచ్చిన కొలోవారె హోటల్లోనూ, ఆ తర్వాత మరో హోటల్లోనూ ఏళ్ల తరబడి తలదాచుకుంది. తండ్రి క్రొయేషియా సైన్యంలో చేరాడు. ఊరి మీద గుండ్లు పడుతున్న రోజులవి. ఆ హోటల్ పార్కింగ్ స్థలమే లూకా మొదటి ఫుట్‌బాల్ మైదానం.

అతనికి శిక్షణ ఇచ్చింది స్థానిక క్లబ్బు ఎన్‌కె జాదర్. అక్కడ కుర్రాళ్ల విభాగం చూసే తోమిస్లావ్ బాషిచ్ అతన్ని సొంత బిడ్డలా చూసుకున్నాడు. జాదర్ ఉన్న డల్మేషియా తీరంలో పుట్టిన ఏ పిల్లవాడైనా హైదుక్ స్ప్లిత్ క్లబ్బుకే ఆడాలని కలగంటాడు. లూకాను కూడా అక్కడి ఎంపికలకు తీసుకెళ్లారు. మరీ చిన్నవాడు, బక్కపలచగా ఉన్నాడని హైదుక్ వాళ్లు వద్దన్నారు. ఆ తిరస్కారం తర్వాత కుర్రాడు ఆట మానేద్దామనుకున్న మాట వాస్తవం. బాషిచ్ పట్టు వదల్లేదు. 2001 చివర్లో అతన్ని హైదుక్ బద్ధశత్రువు లాంటి డినామో జాగ్రెబ్‌లో చేర్పించాడు.

డినామో అతన్ని వెంటనే ఆడించలేదు. 2003లో పొరుగుదేశం బోస్నియాలోని జ్రిన్‌స్కీ మోస్తార్ క్లబ్బుకు లోన్ మీద పంపింది. మైదానాలు గతుకులు, ట్యాకిల్స్ మొరటు, రిఫరీలు పెద్దగా అడ్డుపడరు. పద్దెనిమిదేళ్ల బక్క కుర్రాడు అక్కడ ఆ ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. బోస్నియా లీగ్‌లో నెగ్గుకొచ్చినవాడు ఎక్కడైనా ఆడగలడని అతనే తర్వాత చెప్పుకున్నాడు. మరుసటి సీజన్ ఇంటర్ జాప్రెషిచ్ అనే చిన్న క్లబ్బులో ఆడాడు. ఆ జట్టు క్రొయేషియా లీగ్‌లో రెండో స్థానం దాకా ఎగబాకింది. అప్పుడు డినామో పిలిచి పదేళ్ల కాంట్రాక్టు చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో లూకా జాదర్‌లో తల్లిదండ్రులకు ఫ్లాట్ కొన్నాడు. 2006, 2007, 2008లో డినామో వరసగా లీగ్ గెలిచింది.

2008 ఏప్రిల్‌లో లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ హాట్‌స్పర్ కోటీ 65 లక్షల పౌండ్లకు అతన్ని కొంది. తొలి నెలలు బాగా సాగలేదు. మొదటి ఎనిమిది లీగ్ మ్యాచ్‌ల్లో జట్టుకు దక్కినవి రెండే పాయింట్లు. మోడ్రిచ్‌ను ఎక్కడ నిలబెట్టాలో కోచ్‌కే తెలియలేదు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి ఇంగ్లండ్ ఆటలోని బలప్రయోగానికి తట్టుకోలేడని వ్యాఖ్యాతలు తేల్చేశారు. అక్టోబరులో కోచ్‌గా వచ్చిన హ్యారీ రెడ్‌నాప్ అతనికి స్వేచ్ఛ ఇచ్చాడు. 2009 ఆగస్టులో కాలి ఎముక విరిగినా, ఆ సీజన్ ముగిసేసరికి టాటెన్‌హామ్ నాలుగో స్థానంలో నిలిచి మొదటిసారి చాంపియన్స్ లీగ్‌కు అర్హత సంపాదించింది. 2011లో చెల్సీ పెద్ద మొత్తం ఇస్తానన్నా టాటెన్‌హామ్ యాజమాన్యం అమ్మలేదు. నాలుగేళ్లలో అతనికక్కడ ఒక్క ట్రోఫీ కూడా దక్కలేదు. ఇంగ్లిష్ ఆటకు అతను సరిపోడన్న మాట మాత్రం మళ్లీ వినపడలేదు.

2012 ఆగస్టు చివర్లో రియల్ మాడ్రిడ్ అతన్ని సుమారు మూడు కోట్ల పౌండ్లకు తీసుకుంది. బేరం సాగీ సాగీ ఆలస్యం కావడంతో సీజన్‌కు ముందరి శిక్షణ పోయింది. కోచ్ జోసే మొరీనియో జట్టులో చాలాసార్లు బెంచీ మీదే కూర్చున్నాడు. డిసెంబరులో స్పెయిన్ క్రీడాపత్రిక మార్కా ఓటింగ్ పెడితే, పాఠకులు ఆ ఏటి అతి చెడ్డ కొనుగోలుగా మోడ్రిచ్‌నే ఎంచారు. 2013 మార్చి 5న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గాలి మారింది. మాంచెస్టర్ యునైటెడ్ ముందంజలో ఉండగా సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మోడ్రిచ్, పెనాల్టీ ఏరియా బయటినుంచి కొట్టిన షాట్ పోస్టుకు తగిలి లోపలికెళ్లింది. మూడు నిమిషాలకు సహచరుడు రొనాల్డో రెండో గోల్ కొట్టాడు. రియల్ మాడ్రిడ్ గెలిచింది.

మాడ్రిడ్ అభిమానులకు మాత్రం అంతకన్నా ఎక్కువ గుర్తున్నది 2014 మే 24, లిస్బన్. చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఊరి ప్రత్యర్థి అట్లెటికో 1-0 ఆధిక్యంలో ఉంది. తొంభై నిమిషాలు అయిపోయాయి. ఇంజురీ టైమ్ మూడో నిమిషంలో మోడ్రిచ్ వేసిన కార్నర్‌కు సహచరుడు సెర్హియో రామోస్ ఎగిరి తలతో కొట్టాడు. స్కోరు సమం. ఎక్స్‌ట్రా టైమ్‌లో మాడ్రిడ్ 4-1తో నెగ్గింది. పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్న పదో యూరోపియన్ కప్ అది. ఆ ఒక్క కార్నర్ తప్పి ఉంటే ఆ తర్వాతి దశాబ్దపు మాడ్రిడ్ చరిత్ర వేరుగా ఉండేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

బ్రెజిల్ ఆటగాడు కాసెమీరో వెనక కాపలా, జర్మన్ టోనీ క్రూస్ ఎడమవైపు, మోడ్రిచ్ కుడివైపు. జినెదిన్ జిదాన్ కోచ్‌గా ఈ ముగ్గురూ 2016, 2017, 2018 చాంపియన్స్ లీగ్ ఫైనల్స్ మూడింటికీ మొదటి పదకొండుమందిలో ఉన్నారు, మూడూ గెలిచారు. ముగ్గురిలో మోడ్రిచ్ ప్రత్యేకత ఏమిటో చూడాలంటే బంతి అతని దగ్గరికి రాకముందే చూడాలి. తల అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. తన వెనక ఎవడున్నాడు, ఖాళీ ఎటుంది అన్నది బంతి తగలకముందే అతనికి తెలుసు. కాబట్టి మొదటి టచ్‌తోనే ఒంటిని తిప్పి ప్రత్యర్థిని వెనక వదిలేస్తాడు. ఇక కుడికాలి బయటి అంచుతో బంతిని వంపు తిప్పి పంపడం అతని ముద్ర. ఇందుకు ఒక్క ఉదాహరణ చాలు. 2022 ఏప్రిల్ 12న చెల్సీతో చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్‌లో మాడ్రిడ్ 0-3 వెనకబడి, పోటీ నుంచి వెళ్లిపోయే స్థితిలో ఉంది. ఎనభయ్యో నిమిషంలో మోడ్రిచ్ ఎడమవైపునుంచి డిఫెండర్ల తల మీదుగా బయటి అంచుతో పంపిన పాస్, అవతల పరుగెత్తుతున్న సహచరుడు రోడ్రిగో కాలిముందు వాలింది. బంతి నేల తగలకుండానే రోడ్రిగో గోల్‌లోకి కొట్టాడు. మాడ్రిడ్ బతికింది, ఆ ఏడాది కప్ కూడా గెలిచింది. అప్పటికి పాస్ ఇచ్చినవాడి వయసు ముప్పై ఆరు.

దేశం తరఫున కథ ఇంకా లోతైనది. 2006 మార్చి 1న బాసెల్‌లో అర్జెంటీనా మీద మొదటి మ్యాచ్ ఆడాడు. 2008 యూరో కప్ క్వార్టర్ ఫైనల్‌లో టర్కీ మీద 119వ నిమిషంలో అతనందించిన బంతితో సహచరుడు క్లాస్నిచ్ గోల్ కొట్టాడు. క్రొయేషియా సంబరంలో ఉండగానే టర్కీ సమం చేసింది. షూటౌట్‌లో మొదటి కిక్ మోడ్రిచ్‌ది. బంతి పోస్టు పక్కనుంచి బయటికి పోయింది. జట్టు ఓడింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు కన్నీళ్లతో మైదానం విడిచాడు.

పదేళ్ల తర్వాత రష్యా ప్రపంచకప్‌లో అతను కెప్టెన్. నిజానికి ఆ ప్రపంచకప్‌కు క్రొయేషియా చేరడమే కష్టమైంది. క్వాలిఫయర్ల చివర్లో కోచ్‌ను తీసేసి, కీలక మ్యాచ్‌కు రెండు రోజుల ముందు జ్లాత్కో దాలిచ్‌ను పిలిచారు. రష్యాలో నైజీరియా మీద ఒక గోల్, అర్జెంటీనా మీద దూరంనుంచి మరో అద్భుతమైన గోల్ మోడ్రిచ్‌వి. డెన్మార్క్‌తో మ్యాచ్ 116వ నిమిషంలో అతను తీసుకున్న పెనాల్టీని కాస్పర్ ష్మైకెల్ ఆపేశాడు. కొద్ది నిమిషాలకే షూటౌట్ వచ్చింది. మళ్లీ ముందుకొచ్చాడు. అదే గోల్‌కీపర్ మీద ఈసారి గోల్ చేశాడు. ఆటగాడి గుండెధైర్యం గురించి ఎన్ని పేజీలు రాసినా ఈ రెండు కిక్‌ల మధ్య నడిచిన ఆ కాసేపటికి సాటిరావు. తర్వాత రష్యా మీద షూటౌట్, సెమీస్‌లో ఇంగ్లండ్ మీద 2-1. మూడు మ్యాచ్‌లూ ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లాయి. అంటే ఫైనల్‌కు ముందే క్రొయేషియా మిగతావాళ్లకన్నా ఒక మ్యాచ్ ఎక్కువ ఆడింది. జులై 15న మాస్కోలో ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. టోర్నీ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ మోడ్రిచ్‌కు దక్కింది. నలభై లక్షల జనాభా ఉన్న దేశం రెండో స్థానంలో నిలిచింది.

ఆ వేసవిలో స్వదేశంలో అతని పేరు చుట్టూ ఒక చీకటి కూడా ఉంది, దాన్ని దాటేసి పోవడం సరికాదు. డినామో పెద్ద జ్ద్రావ్కో మామిచ్ ఆటగాళ్ల బదిలీ సొమ్ము కాజేశాడన్న కేసులో మోడ్రిచ్ 2017లో సాక్ష్యం చెప్పాడు. అంతకుముందు దర్యాప్తులో చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ పొంతన లేదని జనం మండిపడ్డారు. జాదర్‌లో అతని కుటుంబం తలదాచుకున్న హోటల్ గోడ మీదే అతన్ని హెచ్చరిస్తూ రాతలు రాశారు. 2018 మార్చిలో తప్పుడు సాక్ష్యం అభియోగం మోపారు. మామిచ్‌కు జూన్‌లో కింది కోర్టు జైలుశిక్ష వేసింది. మోడ్రిచ్ మీది అభియోగాన్ని ఆ ఏడాది ముగిసేలోగా కొట్టేశారు. రష్యానుంచి జట్టు తిరిగొచ్చినప్పుడు జాగ్రెబ్ వీధుల్లో లక్షలమంది నిలబడ్డారు. కోపం కొంత కరిగింది, అందరిలోనూ కాదు.

2018 డిసెంబరు 3న పారిస్‌లో అతనికి, ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ అందింది. 2008 నుంచి 2017 దాకా పదేళ్లపాటు ఆ బహుమతి మెస్సీకో రొనాల్డోకో తప్ప మూడోవాడికి దక్కలేదు. ఆ వరసను తెంచింది గోల్స్ గుట్టగా పోసిన ఫార్వర్డ్ కాదు, ఒక మిడ్‌ఫీల్డర్. అంతకు ముందు స్పెయిన్ మిడ్‌ఫీల్డర్లు చావీ, ఇనియెస్తా లాంటివాళ్లు అర్హత ఉండీ అందుకోలేకపోయిన గౌరవం అది.

ఈ కథలో భారత ఫుట్‌బాల్‌కూ ఒక ముడి ఉంది. 2012-13లో క్రొయేషియా జట్టుకు కోచ్‌గా ఉండి మోడ్రిచ్‌ను ఆడించిన ఇగోర్ స్టిమాచ్, 2019 నుంచి 2024 దాకా భారత జాతీయ జట్టు కోచ్. 1998లో మొదటి ప్రపంచకప్‌లోనే మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టులో స్టిమాచ్ డిఫెండర్.

2022లో ఖతార్ ప్రపంచకప్‌లో ముప్పై ఏడేళ్ల మోడ్రిచ్ నాయకత్వాన క్రొయేషియా బ్రెజిల్‌ను షూటౌట్‌లో ఓడించి, చివరికి మొరాకోను గెలిచి మూడో స్థానం తెచ్చుకుంది. 2024 యూరోలో ఇటలీ మీద అతని పెనాల్టీని గోల్‌కీపర్ దొన్నరుమ్మా ఆపాడు. నిమిషం తిరక్కుండా అదే ఇటలీ గోల్‌లోకి బంతి కొట్టి, యూరో కప్ చరిత్రలో గోల్ చేసిన అతిపెద్ద వయసువాడయ్యాడు. తొంభై ఎనిమిదో నిమిషంలో ఇటలీ సమం చేయడంతో ఆ గోల్ జట్టుకు అక్కరకు రాలేదు. అదే ఏడాది రియల్ మాడ్రిడ్‌తో ఆరో చాంపియన్స్ లీగ్ గెలిచి, 1966 నుంచి పాకో హెంతో ఒక్కడి పేరిట ఉన్న రికార్డును సహచరులు కార్వహాల్, నాచో, క్రూస్‌లతో పాటు అందుకున్నాడు.

2025 మే 24న, లిస్బన్ ఫైనల్ జరిగిన తేదీనే, రియల్ మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబేవులో చివరి మ్యాచ్ ఆడాడు. రెండు జట్ల ఆటగాళ్లూ బారులు తీరి చప్పట్లతో సాగనంపారు. క్లబ్ ప్రపంచకప్ ముగిశాక ఏసీ మిలన్‌లో చేరాడు. చిన్నప్పుడు అతను అభిమానించిన క్రొయేషియా ఆటగాడు జ్వొనిమిర్ బోబాన్ ఆడిన క్లబ్బు అది. సెప్టెంబరు 14న, నలభై ఏళ్లు నిండిన ఐదు రోజులకు, బొలోన్యా మీద మిలన్ తరఫున మొదటి గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్‌లో మిలన్ 1-0తో గెలిచింది.