తూము తీసినవాడు సిలబస్‌లో లేడు

ప్రకృతి వనరుల సంరక్షణ ఇవాళ డిగ్రీలో చేరిన పిల్లలంతా చదవాల్సిన పాఠం. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మూలం. దాన్ని పట్టుకుని 2003లో యు.జి.సి. ఆరు నెలల సిలబస్ తయారుచేసింది. అడవి, నీరు, ఖనిజం, ఆహారం, ఇంధనం, భూమి అని వనరులన్నిటికీ అందులో చోటుంది. వాటిని తరతరాలుగా కాచినవాడి కులమేమిటి, వాడికి దక్కిందేమిటి అనే ప్రశ్నకు మాత్రం చోటు లేదు. ఈ ప్రశ్నను పలమనేరు చెరువుల దగ్గర్నించి అడగాలి.

పలమనేరు పీఠభూమి మీది ఊరు. ఒక పక్క కోలారు, ఇంకో పక్క గుడియాత్తం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇది ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఏడాది పొడుగునా పారే ఏరు ఇక్కడ లేదు. కౌండిన్య వానకు పారుతుంది, వాన పోతే ఎండుతుంది. అందుకే సేద్యమంతా గొలుసుకట్టు చెరువుల మీద బతికింది. పైచెరువు మరవ పోతే కింది చెరువు నిండేది.

చెరువు నిండితే సరిపోదు గదా, నీళ్ళు పంచాలి. ఆ పని నీరుగంటిది. ఎక్కువ ఊళ్ళలో నీరుగంటి మాలపల్లె నుంచో, మాదిగపల్లె నుంచో వచ్చినవాడే. తూము దగ్గర నీళ్ళలోకి మునిగి మూత తీసేది వాడు. ఉన్న నీళ్ళు ఎన్ని తడులకు వస్తాయో కట్ట మీద నిలబడి చెప్పేది వాడు. ఏ కయ్యకు ముందు, ఏ కయ్యకు వెనక, కాలువ చివర ఉన్నవాడికి అందేదాకా తూము ఎంతసేపు తెరవాలి, ఇదంతా వాడి తలలో ఉండేది. రాత్రిళ్ళు పార భుజాన వేసుకుని కాలువ వెంట తిరిగేవాడు. ముసురు పట్టినప్పుడు కట్టలో ఎండ్రకాయ బొరియలు వెతికి పూడ్చేవాడు. దీనికి కళ్ళంలో కొలిచిన మేర, కొన్నిచోట్ల చిన్న మాన్యం. అంతే. ఆయకట్టంతటికీ నీళ్ళు పంచినవాడు ఊరి బావిలో చేద వెయ్యడానికి వీల్లేదు. ఇంజనీరు చేస్తే హైడ్రాలజీ అయ్యేది నీరుగంటి చేస్తే వెట్టి ఎందుకయింది?

తెల్లవాడి రాజ్యం దీన్ని చట్టంగా రాసుకుంది. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ప్రకారం, కట్ట తెగే ప్రమాదమొస్తే చుట్టుపక్కల శ్రామిక వర్గాల మగవాళ్ళను పనికి పిలిపించే అధికారం ఊరిపెద్దలకు ఉండేది. కుడిమరామత్తును ఊరంతా కలిసి చేసుకున్న సహకారమని మన పుస్తకాలు మెచ్చుకుంటాయి. ఆ సహకారంలో ఎవరి వీపు మీద ఎంత మట్టి మోశారో ఈ చట్టం చదివితే అర్థమవుతుంది.

తర్వాత బోర్లొచ్చాయి. మోటారున్న రైతుకు తూముతో పని తగ్గింది, పూడిక తీసేవాడు లేకపోయాడు, మేర కూడా నిలిచిపోతూ వచ్చింది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల యాజమాన్యం పేరుతో చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. ఆయకట్టులో భూమి చేతిలో ఉన్నవాడికే అందులో ఓటు. నీటి లెక్క తెలిసి భూమి లేనివాడు తన చెరువుకే బయటివాడయ్యాడు.

ఈ వ్యవస్థ యూనివర్సిటీకి తెలియదని కాదు. కర్నూలు జిల్లా పల్లెల్లో ఊరుమ్మడిగా నీళ్ళు పంచే మనుషుల గురించి రాబర్ట్ వేడ్ 1988లోనే పుస్తకం రాశాడు. ఉమ్మడి వనరుల మీద పనిచేసినందుకు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. అవి చదవాల్సిన పుస్తకాలే, కాదనను. కానీ మాలాగా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళలో నీరుగంటి మనవలూ ఉంటారు. తాత తలలో ఉన్నదాన్నే వాళ్ళు సంస్థాగత నియమాలని ఇంగ్లీషులో బట్టీ పట్టి పరీక్ష రాయాలి.

అడవి సంగతి వేరే వ్యాసానికి సరిపడా ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసింది. 1990లో కౌండిన్య అభయారణ్యం వచ్చింది. ఏనుగు దిగితే ముందు పోయేది అడవి అంచున అరెకరం వేసుకున్నవాడి పంటే. సంరక్షణ ఖర్చు ఎవరి పొలంలో పడుతుందో కొలిచే పాఠం కావాలి.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్ళు తాగాడు. చరిత్ర క్లాసులో అది సాంఘిక సంస్కరణ. పర్యావరణం క్లాసులో అసలు వినపడదు. ఉమ్మడి నీటి మీద హక్కు కోసం ఈ దేశంలో జరిగిన పెద్ద పోరాటాల్లో అదొకటి గదా!

పలమనేరు పల్లెల్లో పరిశోధనకు కూర్చునేవాళ్ళకు దారి ఉంది. 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు తిరగేసి గ్రామసేవ మాన్యాలు ఎవరి పేరున ఉన్నాయో, ఇవాళ ఆ సర్వే నంబర్లు ఎవరి పట్టాలో ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడాలి. తూము తీసిన ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళను కట్ట మీదికే తీసుకెళ్ళి అడగాలి, నిండు చెరువు ఎన్ని తడులిచ్చేదని.