సామిల్లు నడిపిన రెటీనా డాక్టర్

హైదరాబాద్‌లో ఏ పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్లినా రెటీనా గదిలో ఒక సీన్ కామన్. నెత్తికి లైటు కట్టుకుని, చేతిలో లెన్స్ పట్టుకుని పేషెంట్ కంట్లోకి చూస్తున్న డాక్టర్. బొగ్గు గనిలోకి దిగబోతున్నట్టు ఉంటుంది ఆ గెటప్. ఈ రోజు ఆ లైటు కథ చెప్పుకుందాం.

రెటీనా అంటే కంటి వెనక గోడకి లోపల ఉండే పల్చటి పొర. మన ఫోన్ భాషలో కెమెరా సెన్సర్. దానికి చిరుగు పడితే, ఆ చిరుగులోంచి కంట్లోని నీరు వెనక్కి దూరి, చెమ్మకి వాల్‌పేపర్ ఊడినట్టు పొర ఊడొస్తుంది. చూపుకి అడ్డంగా నల్ల తెర దిగుతుంది. ఒకప్పుడు దీనికి వైద్యం ఏంటంటే, వారాల తరబడి మంచం మీద కదలకుండా పడుకోబెట్టడం! స్విట్జర్లాండ్‌లో జూల్ గోనాన్ అనే డాక్టర్, చిరుగు మూస్తేనే పొర నిలబడుతుందని 1920లలో ఆపరేషన్లు చేసి మరీ చూపించారు. అంటే బగ్ ఏంటో తెలిసింది. కానీ అది ఏ లైన్‌లో ఉందో దొరకాలిగా? అప్పటి పరికరంతో ఒక్క కన్నుతోనే చూడాలి, కనిపించేది కొంచెమే. అంచుల్లో ఉన్న చిరుగులు తప్పిపోయేవి.

ఇక్కడ ఎంటర్ అవుతారు చార్ల్స్ షెపెన్స్. 1912లో బెల్జియంలో పుట్టారు. ముందు లెక్కలు చదివి, తర్వాత డాక్టరయ్యారు. లండన్ మూర్‌ఫీల్డ్స్‌లో కంటి వైద్యం నేర్చుకున్నారు. 1940లో జర్మన్లు బెల్జియంని ఆక్రమించారు. గెస్టాపో ఆయన్ని అరెస్ట్ చేసి వదిలేసింది. ఆ తర్వాతే ఆయన రహస్య పోరాటంలోకి దిగారు. 1942లో జాక్ పెరో అనే దొంగ పేరుతో ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల దగ్గర మెండీవ్ అనే ఊళ్లో సామిల్లు తెరిచారు. దుంగల్ని దింపే కేబుల్ లైను కొండ పైదాకా ఉండేది. దాని చాటున, ఒక గొర్రెల కాపరి సాయంతో, వందమందికి పైగా స్పెయిన్‌లోకి దాటించారు. జర్మన్లతో ఎంత బాగా నటించారంటే, ఊళ్లోవాళ్లు కూడా ఆయన్ని వాళ్ల మనిషే అనుకున్నారు. 1943లో గుట్టు బయటపడి గెస్టాపో వస్తే అడవిలోకి జారుకున్నారు. ఆయన భార్య పిల్లల్ని వెంటేసుకుని ఆ కొండలు దాటారు. ఇది సినిమా కాదు బాబూ, నిజం.

లండన్ చేరాక మళ్లీ కంటి పనే. రెండు కళ్లతో, లోతు తెలిసేలా, అంచుల దాకా చూపించే తలలైటుని తయారు చేశారు. 1947లో అమెరికా వెళ్లి, 1949లో బోస్టన్‌లో రెటీనాకి ప్రత్యేక విభాగం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది రెటీనా ఫౌండేషన్. అంటే ఒకే మనిషి పొద్దున పేషెంట్లని చూడటం, ల్యాబ్‌లో రీసెర్చ్, పక్కన కుర్ర డాక్టర్లకి పాఠం. నా దృష్టిలో పరికరం కంటే ఈ పద్ధతే పెద్ద పని. ఎందుకంటే ఆ లైటు ఎవరికి ఇచ్చినా వెంటనే పని చేయదు. బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో చుక్కలే!

అందుకే గీయించేవారు. పేపర్‌ని తలకిందులుగా తిప్పి పెట్టుకుని, చూసింది చూసినట్టు గీయాలి. అతుక్కున్న పొర ఎరుపు, ఊడింది నీలం, చిరుగు నీలం గీత మధ్యలో ఎరుపు. మన దగ్గర ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్ అయ్యాక రెటీనా ఫెలోషిప్‌లో చేరినవాళ్లు నేర్చుకునేది కూడా ఈ రంగులే.

అన్నట్టు, కంట్లో ఒక్కసారిగా నల్ల చుక్కలు, మెరుపులు, పక్కనుంచి తెర కనిపిస్తే గూగుల్ చేస్తూ కూర్చోకండి, ఆ రోజే చూపించుకోండి.

షెపెన్స్ 2006లో, 94 ఏళ్ల వయసులో పోయారు. వచ్చే ఎపిసోడ్‌లో కోడిగుడ్డు మీద ప్రాక్టీస్ చేసి, కంటి లోపలి జెల్లీని తీయడం నేర్పిన రాబర్ట్ మాకెమర్ గురించి.